బ్రామ్స్: దిగుతూ పోయే స్వరాలు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి ఇంటి ముందుగదిలోనే, దాదాపు నలభై ఏళ్ల కిందట, నేను యోహనెస్ బ్రామ్స్ నాలుగో సింఫనీ మొదటిసారి విన్నాను. మాస్టారు మాకు నేర్పింది కర్ణాటక సంగీతం. ఆదివారం పాఠం అయ్యాక రికార్డు ప్లేయర్ మీది గుడ్డ తీసి, మాకు పరిచయం లేని సంగీతం ఏదో ఒకటి వినిపించేవారు. ఆ రోజు సూదిని మూడుసార్లు మళ్లీ మొదటికే తెచ్చి పెట్టారు. ఏమీ చెప్పలేదు. కుడిచేయి గాల్లో పెట్టి, ఒక్కొక్క స్వరానికి ఒక్కో మెట్టు కిందికి దించుతూ చూపించారు. మూడోసారి చెయ్యి మోకాలి దాకా వచ్చి ఆగింది. "దాటు వరిసలే కదరా ఇవి. ఎంత దిగులుందో చూడు" అన్నారు.

ఆ మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. ఈరోజు చెప్పబోయేదంతా దాని వివరణే.

మాస్టారు చూపించినదేమిటో ముందు చెబుతాను. పాశ్చాత్యులు స్వరాలకు అక్షరాలు పెట్టుకున్నారు. వాటిలో ఒక స్వరం విడిచి ఒక స్వరం పట్టుకుంటూ కిందికి దిగితే బి, జి, ఇ, సి, ఎ అని ఒక వరుస వస్తుంది. నాలుగో సింఫనీలో వయొలిన్లు ముందుమాట లేకుండా ఈ వరుసతోనే మొదలుపెడతాయి. రెండేసి స్వరాలు, మధ్యలో ఒక చిన్న విరామం, మళ్లీ రెండు. అన్నీ నేరుగా కిందికే దిగితే వయొలిన్‌కు మెట్లు చాలవు. అందుకని ఒక జత కిందికి దిగితే తర్వాతి జత పైస్థాయిలోకి లేస్తుంది. చెవికి ఊయల ఊగినట్టు ఉంటుంది కానీ లోపలి వరుస మాత్రం దిగే వరుసే. నిట్టూర్చి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ నిట్టూర్చినట్టుంటుంది. ఆ వెంటనే అదే పద్ధతిలో పైకి ఎక్కే ప్రయత్నం వస్తుంది. ఇంత పెద్ద సింఫనీకి పునాది ఇంతే. వర్ణం దాకా వచ్చిన పిల్లవాడికి ఈ వరుస ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు.

బ్రామ్స్‌ను తిట్టినవాళ్లు తక్కువేమీ కాదు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ పక్షం వాళ్లకు ఆయన పాతచింతకాయ పచ్చడి. బాఖ్, బేతోవెన్ కట్టిన ఇళ్లకు సున్నం కొట్టుకుంటూ కూర్చున్న పండితుడు. తత్వవేత్త నీషే 1888లో వాగ్నర్ మీద రాసిన పుస్తకంలో బ్రామ్స్‌నూ వదల్లేదు. ఆయన విషాదం చేతకానివాడి విషాదమని తేల్చేశాడు. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీకి కూడా ఆ సంగీతంలో గుండె దొరకలేదు. ఇంత పెద్దవాళ్లు అన్నారు కాబట్టి ఆ మాటను తీసిపారేయలేం. కానీ వాళ్లు పొరబడ్డారనే నేను నమ్ముతున్నాను. వాళ్లు ఏడుపు కోసం వెతికారు. బ్రామ్స్ దగ్గర ఉన్నది దిగమింగుకున్న దుఃఖం. మన ఇళ్లలో అలాంటి మనుషులుంటారు. చావు ఇంట్లో వంట చూసేదీ, వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చేదీ, పిల్లల్ని పడుకోబెట్టేదీ వాళ్లే. అందరిలోకీ ఎక్కువ దెబ్బ తిన్నది వాళ్లేనని చాలాకాలం తర్వాత గానీ మనకు తెలియదు.

ఆ దెబ్బ బ్రామ్స్‌కు ఎక్కడ తగిలిందో చెప్పాలి.

బ్రామ్స్ 1833 మే 7న హాంబర్గ్‌లో పుట్టాడు. తండ్రి డబుల్ బాస్ వాయించే మామూలు వాద్యకారుడు. తల్లి బట్టలు కుట్టేది; భర్త కన్నా 17 ఏళ్లు పెద్ద. 1853 శరదృతువులో, ఇరవై ఏళ్ల వయసులో, డ్యూసెల్‌డార్ఫ్‌లో స్వరకర్త రాబర్ట్ షూమన్, ఆయన భార్య, పియానో విద్వాంసురాలు క్లారా షూమన్‌ల ఇంటి తలుపు తట్టి, తను రాసినవి పియానో మీద వాయించి వినిపించాడు. షూమన్ ఆ నెలలోనే పత్రికలో వ్యాసం రాసి, జర్మన్ సంగీతానికి రావలసినవాడు వచ్చాడని లోకానికి చాటాడు. నాలుగు నెలలు తిరిగాయో లేదో, 1854 ఫిబ్రవరి 27న, మతి చలించిన షూమన్ రైన్ నదిలో దూకాడు. బతికించారు కానీ, ఆపైన ఆయన జీవితమంతా బాన్ దగ్గరి ఎండెనిక్ చికిత్సాలయంలోనే గడిచింది. క్లారా అప్పుడు గర్భవతి. బ్రామ్స్ పరుగున వచ్చాడు. ఆవిడ కచేరీలకు ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో పిల్లల్ని చూశాడు, ఇంటి లెక్కలు రాశాడు. క్లారా కన్నా పద్నాలుగేళ్లు చిన్నవాడు. ఆవిడను ప్రేమించాడు. 1856 జులై 29న షూమన్ పోయాడు. క్లారా, బ్రామ్స్ పెళ్లి చేసుకోలేదు. జీవితాంతం స్నేహితులుగా ఉండిపోయారు. తర్వాతి కాలంలో ఎవరి ఉత్తరాలు వాళ్లు తిరిగి తీసుకుని చాలావరకు నాశనం చేశారు. ఆ ఉత్తరాల్లో ఏముందో ఊహించడం మన పని కాదు. ఉండనివ్వాలనుకున్నవి ఆయన స్వరాల్లో ఉంచాడు.

మొదటి పియానో కన్సర్టో ఆ సంవత్సరాల్లోంచే పుట్టింది. 1854లో రెండు పియానోల సొనాటాగా మొదలై, మధ్యలో సింఫనీ అవబోయి, చివరికి కన్సర్టోగా నిలిచింది. టింపనీ నగారాల హోరు మీద తీగవాద్యాలు విరుచుకుపడే ఆ ఆరంభంలో వినేవాడికి కూర్చునే చోటు కూడా దొరకదు. రెండో భాగం గురించి బ్రామ్స్ క్లారాకు రాస్తూ, అందులో ఆమె చిత్తరువు గీస్తున్నానన్నాడు. ఆ చిత్తరువులో శృంగారం ఛాయ కూడా లేదు. గుడిలో దీపం ముందు నిలబడ్డట్టు ఉంటుంది. 1859 జనవరి 27న లైప్‌జిగ్‌లో పాతికేళ్ల బ్రామ్స్ స్వయంగా పియానో దగ్గర కూర్చుని దాన్ని వాయించాడు. చప్పట్లు కొట్టబోయిన నాలుగు చేతులను ఈలలూ బుసలూ ముంచేశాయి. ఆ తర్వాత మళ్లీ పియానో కన్సర్టో పూర్తి చేయడానికి ఆయనకు 22 ఏళ్లు పట్టింది.

సింఫనీ సంగతీ అలాంటిదే. బేతోవెన్ తొమ్మిది రాసి వెళ్లిపోయాక, ఆ అడుగుల చప్పుడు వెనక వినబడుతుంటే పదోది రాయడం ఎవరి తరమని భయపడ్డాడు. మొదటి భాగం రాసి 1862లో క్లారాకు పంపాడు. పూర్తి సింఫనీ కార్ల్‌స్రూహెలో మోగింది 1876 నవంబర్ 4న. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు.

ఈ మొదటి సింఫనీ దగ్గర కాసేపు ఆగుతాను. బ్రామ్స్ భావాన్ని ఎలా పట్టి ఉంచుతాడో ఇక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

ఆరంభంలో టింపనీ ఒకే స్వరాన్ని కొడుతూ ఉంటుంది. డబుల్ బాస్‌లు దానికి తోడు. ఆగదు, మారదు. దాని మీద వయొలిన్లు అంగుళం అంగుళంగా పైకి పాకుతుంటే, ఊదే వాద్యాలు అదే సమయంలో కిందికి జారుతుంటాయి. పైకి లాగేదీ కిందికి లాగేదీ, నడుమ కదలని ఆ దెబ్బ. ఈ ఉపోద్ఘాతం 1862లో క్లారా చూసిన ప్రతిలో లేదు. తర్వాత చేర్చాడు. అంటే తలుపు తీయగానే వినబడే ఆ బాధను ఆయన ఇల్లంతా కట్టాక వచ్చి గుమ్మంలో పెట్టాడు. కిందిస్వరం బ్రామ్స్‌కు ఎప్పుడూ ప్రాణం. శిష్యుడు గుస్తావ్ యెన్నర్ తన పాటలు తెచ్చి చూపిస్తే, మధ్యభాగాన్ని చేత్తో మూసి, పైన పాడే స్వరమూ అడుగున ఉన్న స్వరమూ మాత్రమే చూసేవాడట. డబుల్ బాస్ వాయించేవాడి కొడుకు అలా చూడటంలో నాకు ఆశ్చర్యం కనిపించదు.

మన సంగీతంలో శ్రుతి కదలదు. షడ్జం ఆధారంగా నిలిచి ఉంటుంది, రాగమంతా దాని నీడలో నడుస్తుంది. ఈ సంగీతంలో అడుగు స్వరం కదిలితే పై స్వరానికి అర్థమే మారిపోతుంది. నిన్న నవ్వుగా వినిపించిన స్వరమే ఈరోజు కింద ఇంకో స్వరం వచ్చి చేరగానే గొంతులో ముద్దలా ఆగుతుంది. మనవాళ్లు బ్రామ్స్ వినేటప్పుడు పాట వెంటపడి పోకుండా ఒక చెవి అడుగున వేసి ఉంచాలి. నాకు తెలిసినంతలో ఈ సంగీతానికి తాళంచెవి అదే.

ఈ సింఫనీలో ముగ్గురు ట్రాంబోన్ వాద్యకారులున్నారు. మొదటి మూడు భాగాల్లో వాళ్లకు ఒక్క స్వరం కూడా లేదు. అరగంటకు పైగా వాద్యం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఆర్కెస్ట్రా మొత్తంలో గట్టిగా మోగగలిగే వాద్యాల్లో ఒకటి అది. నాలుగో భాగం చీకట్లో మొదలై, అన్నీ ఒకదానిమీద ఒకటి పడి చిందరవందరయ్యాక, మబ్బు విడినట్టు హార్న్ ఒక పాట ఎత్తుకుంటుంది. ఆల్ప్స్ కొండల్లో పశువుల కాపర్లు ఊదే పొడవాటి కొమ్ముబూర పాట అది. బ్రామ్స్ ఆ స్వరాలను 1868 సెప్టెంబర్‌లో క్లారా పుట్టినరోజుకు రాసి పంపాడు. కచేరీలు తగ్గించుకోమని ఆయన సలహా చెప్పడంతో ఆవిడ మనసు నొచ్చుకుని ఉన్న ఏడాది అది. అలక తీర్చడానికి పంపిన ఆ పాటను ఎనిమిదేళ్లు దాచి, తన జీవితంలో అతి కష్టమైన రచనలో, అత్యవసరమైన చోట పెట్టాడు. ఆ హార్న్ తర్వాత ట్రాంబోన్లు మొదటిసారి నోరు విప్పుతాయి. అంతసేపు ఆగినవి ఎంత గట్టిగా మోగుతాయోనని ఎదురుచూస్తాం. అవి అతి మెల్లగా, ప్రార్థనలాగా నాలుగు వాక్యాలు చెప్పి ఊరుకుంటాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఈనాటికీ ఆ చోటు వచ్చేసరికి అదే జరుగుతుంది.

రెండో సింఫనీ మరుసటి ఏడాదే వచ్చింది. అది వోర్తర్ సరస్సు ఒడ్డున రాసిన వెలుగు. మూడోదాని గురించి ఒక్కమాట. దాని నాలుగు భాగాలూ మెల్లగానే ముగుస్తాయి. తుఫానుతో మొదలైన సింఫనీ చివరికి గాలి సద్దుమణిగినట్టు ఆగిపోతుంది. చప్పట్ల కోసం రాసేవాడు అలా ముగించడు.

మళ్లీ నాలుగోదానికి వస్తాను. 1884, 85 వేసవుల్లో మ్యూర్త్‌సూష్లాగ్‌లో రాసి, 1885 అక్టోబర్ 25న మైనింగెన్‌లో బ్రామ్సే నిలబడి చేయించాడు. చివరి భాగానికి బాఖ్ కాంటాటా ఒకదానిలోంచి ఒక కిందిస్వరాల వరుస తీసుకుని కొద్దిగా మార్చుకున్నాడు. ఎనిమిది ఆవర్తాలు. దాన్నే 30 సార్లు వేరియేషన్లుగా తిప్పాడు. పల్లవి నెరవు చేసే విద్వాంసుడికి ఈ పనిలో ఉన్న క్రమశిక్షణ వెంటనే తెలుస్తుంది. చట్రం మారదు; చట్రంలో మనిషి మారుతూ ఉంటాడు. పన్నెండోసారి నడక సగానికి తగ్గి, ఫ్లూట్ ఒక్కటే, దారి తప్పినదానిలా పాడుతుంది. తర్వాత దిగులు పలికే మైనర్ స్వరాలు వెలుగు పలికే మేజర్‌గా మారి కాస్త ఓదార్పు వస్తుంది. ఇక్కడా ట్రాంబోన్లు చివరి భాగం దాకా మాట్లాడవు. అవి కూడా వచ్చి మెల్లగా ఆశీర్వదిస్తాయి. పదహారోసారికి మొదటి వరుస ముఖం మీద కొట్టినట్టు తిరిగొస్తుంది. చివరి వేరియేషన్లకు చేరేసరికి మొదటి భాగంలోని ఆ దిగే స్వరాలే మళ్లీ వినబడతాయి. మైనర్‌లో మొదలైన సింఫనీలు మేజర్‌లో, విజయంతో ముగియడం బేతోవెన్ నాటి నుంచి ఒక ఆనవాయితీ. బ్రామ్స్ మొదటి సింఫనీలో దాన్ని పాటించాడు. ఇక్కడ పాటించలేదు. మైనర్‌లోనే, నిటారుగా నిలబడి ముగించాడు. దుఃఖం గెలవలేదు, మనిషి ఓడలేదు. ఆ చట్రమే ఆయన్ను నిలబెట్టింది. దీన్ని చేతకానితనం అన్నవాళ్లు ఆ ముప్పయ్యీ లెక్కపెడుతూ వినలేదని నా అభిప్రాయం.

ఇక పియానో. యాభై ఏడో ఏట బ్రామ్స్ ఇక రాయనని అనుకున్నాడు. మైనింగెన్ క్లారినెట్ విద్వాంసుడు రిచర్డ్ మ్యూల్‌ఫెల్ట్ వాయింపు విని మనసు మార్చుకున్నాడు. 1892, 93లలో 20 చిన్న పియానో రచనలు నాలుగు పుస్తకాలుగా అచ్చు వేయించాడు. అచ్చు సంఖ్యల్లో చెబితే ఓపస్ 116 నుంచి 119 దాకా. ఎక్కువభాగం నాలుగైదు నిమిషాలకు మించవు. సింఫనీలు కట్టిన చేయి ఇక్కడ మంచం పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 117లోని మూడింటినీ తన దుఃఖాలకు పాడుకున్న జోలపాటలని ఒక మిత్రుడికి చెప్పాడు. దుఃఖాన్ని తరిమెయ్యడానికి కాకుండా నిద్రపుచ్చడానికి పాట రాసినవాడు అంతకు ముందు ఇంకొకడున్నాడేమో నాకు తెలియదు.

118లో రెండోది చూడండి. మూడు స్వరాల పిలుపుతో మొదలవుతుంది. ఒక మెట్టు దిగి, కొంచెం పైకి. వెంటనే మళ్లీ అదే రెండు స్వరాలు, కానీ ఈసారి మూడో స్వరం ఒక్కసారిగా ఏడో మెట్టు దాకా చేయి చాస్తుంది. అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగేసినట్టు. అడిగీ అడగగానే స్వరం సిగ్గుపడి దిగిపోతుంది. పియానో స్వరం వీణలాంటిదే. మీటిన క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. పట్టి ఉంచలేం. ఆ తగ్గిపోవడాన్ని ఇంతగా ప్రేమించినవాడు బ్రామ్స్. ఓపస్ 118ను క్లారాకు అంకితమిచ్చాడు.

119లో మొదటిది 1893 మేలో, తన అరవయ్యో పుట్టినరోజు నెలలో, క్లారాకు పంపాడు. అపస్వరాలు ఎక్కువ ఉన్నాయి, నీకు నచ్చుతుందో లేదో అంటూనే, ప్రతి స్వరం దగ్గరా ఆగి ఆగి, అందులోని విషాదాన్ని పీల్చుకుంటున్నట్టు వాయించాలని రాశాడు. ఆవిడకు అప్పుడు 73 ఏళ్లు. చేతి నొప్పులు, చెవిలో హోరు. దాన్ని బూడిదరంగు ముత్యంతో పోల్చింది. పైన పొర కప్పినట్టుంటుంది, చాలా విలువైనదీ అంది. దాని ఆరంభం వింటే నాకు మాస్టారి చెయ్యి కనిపిస్తుంది. కుడిచేతి వేళ్లు ఒక స్వరం విడిచి ఒక స్వరం దిగుతాయి. దిగిన స్వరాన్ని వదలకుండా పట్టే ఉంచి ఇంకోటి దిగుతాయి. కొత్త స్వరం కింద చేరగానే పై వాటి అర్థం మారుతుంది. రెండు స్వరాలప్పుడు ప్రశాంతం, మూడో దానికి దిగులు, ఐదో దానికి వచ్చేసరికి ఎక్కడున్నామో తెలియదు. నాలుగో సింఫనీలో వందమంది మోసిన వరుసను ఇక్కడ అయిదు వేళ్లు మోస్తున్నాయి.

ఆ దిగే వరుస అక్కడితో ఆగలేదు. 1896 మార్చిలో క్లారాకు పక్షవాతం వచ్చింది. ఆ వసంతంలోనే బ్రామ్స్ బైబిల్ సంప్రదాయంలోని వాక్యాలు తీసుకుని నాలుగు గంభీర గీతాలు రాశాడు. మూడోది మృత్యువును ఉద్దేశించినది. అందులో మొదటి స్వరాలు బి, జి, ఇ, సి. నాలుగో సింఫనీ మొదలైనవీ అవే. ఆ పాట చివర, బతికి విసిగినవాడికి మృత్యువు చల్లని తల్లి అనే భావం వచ్చే చోట, ఆ దిగే వరుసే తిరగబడి పైకి లేస్తుంది. పదకొండేళ్లు దిగిన మెట్లు ఆయన ఎక్కింది అక్కడ.

మే 20న క్లారా పోయింది. తంతి ఆలస్యంగా అందింది. బ్రామ్స్ బయలుదేరాడు కానీ దారిలో రైలు మారాల్సిన చోట తప్పిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ చేరేసరికి అక్కడి కార్యక్రమం అయిపోయింది. బాన్‌కు పరిగెత్తి, షూమన్ పక్కన ఆమెను పూడ్చే వేళకు అందుకున్నాడు. మరుసటి ఏడాది మార్చి 7న వియన్నాలో హాన్స్ రిష్టర్ నాలుగో సింఫనీ చేయించాడు. కాలేయ వ్యాధితో పచ్చబడి, చిక్కి సగమైన బ్రామ్స్ పైన కళాకారుల బాక్సులో కూర్చుని విన్నాడు. ఒక్కొక్క భాగం అయ్యాక జనం లేచి చప్పట్లు కొట్టారు. చివర్లో ఆయన నిలబడ్డాడు. కింద వేలమంది, పైన ఆయన. ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. ఏప్రిల్ 3న పోయాడు.

మాస్టారి భార్య పోయిన పదమూడో రోజు సాయంత్రం, చుట్టాలంతా వెళ్లిపోయాక, నేను వాళ్లింటికి వెళ్లాను. ఆయన అప్పటిదాకా కంటతడి పెట్టగా ఎవరూ చూడలేదు. ముందుగదిలో దీపం వెయ్యకుండా కూర్చుని ఉన్నారు. రికార్డు తిరుగుతోంది. ఓపస్ 119. నన్ను కూర్చోమని సైగ చేశారు. మొదటి ముక్క అయ్యేసరికి ఆయన చెయ్యి మోకాలి మీదికి దిగి ఉంది.

దయచేసి ఈ రాత్రి మీరంతా ఆ ముక్క ఒక్కసారి వినండి. నాలుగు నిమిషాల లోపే. ఫోను పక్కన పెట్టి, దీపం తగ్గించి, ఒక చెవి అడుగు స్వరం మీద వేసి వినండి.